డంపుకు అటు, డంపుకు ఇటు: కేజీఎఫ్‌లో నాలుగు రోజులు

కుప్పంలో బెంగళూరు వైపు పోయే ప్యాసింజర్ ఎక్కితే గుడుపల్లె, బిసానత్తం, కామసముద్రం దాటాక బంగారపేట వస్తుంది. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌కు (కేజీఎఫ్) పోయే లైను అక్కడ చీలుతుంది. పదహారు కిలోమీటర్ల ముక్క, చివరి స్టేషను మారికుప్పం. 1894 నుంచి నడుస్తున్న లైను ఇది. పొద్దున బెంగళూరుకు పోయే జనం, సాయంత్రం తిరిగొచ్చే జనం, వీళ్ల చుట్టూనే టైంటేబుల్ తిరుగుతుంది కాబట్టి నడిమధ్యాహ్నం బంగారపేటలో దిగితే బండి కోసం కూర్చోకండి. బస్టాండుకు నడిచి కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేటకు పోయే బస్సు పట్టుకోవడం మేలు. పలమనేరు వైపు నుంచి వచ్చేవాళ్లకు వి.కోట, బేతమంగల మీదుగా రోడ్డే దగ్గర.

ఈమధ్య సినిమా పేరు విని ఫొటోల కోసం వచ్చేవాళ్లు బాగా పెరిగారు. మేము వెళ్లిన పని వేరు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ తర్వాత కూడా లక్షన్నరకు పైగా జనం ఇక్కడే ఉంటున్నారు. ఉండటం ఎలా ఉందో వాళ్లనే అడుగుదామని నాలుగు రోజులు లైన్లూ (గని కార్మికుల వరస ఇళ్లు) బజార్లూ తిరిగాం. ఒకే వీధిలో ఒకరు "ఇంతకంటే మంచి ఊరు లేదు" అంటే, పక్కింట్లో "పిల్లలు బయటపడితే చాలు" అన్నారు. మొదట వయసును బట్టి ఈ తేడా అనుకున్నాం. తిరిగేకొద్దీ తెలిసింది, జీతం ఎక్కడి నుంచి వస్తోంది, ఇంటికి కాగితం ఉందా, ఇల్లు డంపుకు, అంటే గని మడ్డి గుట్టకు, ఏ పక్కన ఉంది అన్నదాన్ని బట్టే జవాబు మారుతోంది.

రైలు నుంచే మొదలుపెట్టాలి, ఊరు లేచేది దానికోసమే కాబట్టి. తెల్లవారక ముందే మారికుప్పం, చాంపియన్, ఊరిగాం ప్లాట్‌ఫారాల మీద టిఫిన్ క్యారియర్లతో జనం నిలబడి ఉంటారు. సెక్యూరిటీ గార్డులు, ఆస్పత్రి ఆయాలు, షోరూముల్లో పనిచేసే అమ్మాయిలు, ఐటీ కంపెనీల్లో చిన్న ఉద్యోగులు, కాలేజీ పిల్లలు. బంగారపేట నుంచి బెంగళూరు డెబ్బై కిలోమీటర్లు. దానికి ఈ చిన్న లైనూ, దిగాక సిటీ బస్సూ కలిపితే ఒకవైపు రెండున్నర గంటలు. రోజుకు ఐదు గంటలు, నెలకు పాతిక పనిదినాలు లెక్కేసుకుంటే నూట పాతిక గంటలు బండిలోనే పోతాయి. అయినా ఎందుకు పోతారంటే, సీజన్ టికెట్టు ఖర్చు తక్కువ, బెంగళూరులో ఒక్క గదికి ఇచ్చే అద్దెతో ఇక్కడ ఇల్లు మొత్తం దొరుకుతుంది. పిల్లల్ని చూసుకోవడానికి అమ్మా అత్తా ఇక్కడే ఉన్నారు. 2023 మార్చిలో వైట్‌ఫీల్డ్ రైల్వే స్టేషను పక్కకే మెట్రో వచ్చాక ఐటీపీఎల్ టెక్ పార్కు వైపు పనిచేసేవాళ్లకు కొంత ఊరట కలిగింది. అక్కడ దిగి మెట్రో మారితే సిటీ దాకా పోయి వెనక్కి రావలసిన పని లేదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే బంగారపేటలో. మెయిన్ లైను చెన్నై–బెంగళూరు ఎక్స్‌ప్రెస్‌లతో కిక్కిరిసి ఉంటుంది. వాటికి దారి ఇవ్వడానికి మన బండిని ఆపితే పావుగంట ఆలస్యం, అక్కడ కంపెనీ బస్సు తప్పిందంటే ఆ పూట జీతం పోయినట్టే. రోజువారీ రైలెక్కేవాళ్లను ఊరి గురించి అడిగితే ముందు బండి గురించే చెబుతారు. ఒక్క బండి ఎక్కువ వేస్తే ఊరు బాగుపడుతుందని వాళ్ల నమ్మకం. నాలుగు పొద్దులు ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక మాకూ అదే అనిపించింది.

గనుల కథ తెలియకపోతే ఈ ఊరి ఆకారం అర్థం కాదు కాబట్టి నాలుగు ముక్కలు. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారన్ ఈ పల్లెల జనం బండ్లకొద్దీ మట్టి తెచ్చి కడిగితే బంగారపు రేణువులు తేలడం చూశాడు. 1870లలో లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు మైసూరు సంస్థానం నుంచి తవ్వకాల అనుమతి తెచ్చుకున్నాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ కంపెనీ దిగాకే గని గనిలా మారింది. 1902లో ఇక్కడి యంత్రాల కోసమే శివనసముద్రం నుంచి దాదాపు 148 కిలోమీటర్లు కరెంటు తీగలు లాగారు. మైసూరు ప్రభుత్వం 1956లో గనుల్ని తీసుకుంది, 1962లో కేంద్రం చేతికి వెళ్లాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అక్కడ రాయి వేడి అరవై డిగ్రీలు దాటేది. కిందికి చల్లగాలి పంపాలి, ఊటనీరు పైకి తోడాలి, ఒత్తిడికి రాయి ఒక్కసారిగా పేలితే మనుషులు పోయేవారు. లోతు పెరిగేకొద్దీ ఈ ఖర్చులు పెరిగాయి, టన్ను రాయిలో దొరికే బంగారం మాత్రం తగ్గుతూ మూడు నాలుగు గ్రాములకు వచ్చింది. మూతకు కారణం ఇదే. నూట ఇరవై ఏళ్లలో ఇక్కడి నుంచి దాదాపు 800 టన్నుల బంగారం పోయింది. 1965లో ఇదే చాంపియన్ రీఫ్‌లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాల జాడను శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. ఆ సంగతి రిటైరైన కార్మికులు ఇప్పటికీ గర్వంగా చెబుతారు, చెప్పాలి కూడా.

ఇక డంపు. ఊరికి ఎటు తిరిగినా కనిపించే లేత పసుపు, బూడిద రంగు గుట్టలు ఇవే. అందరూ సైనైడ్ డంపు అంటారు. రాయిని పిండిలా దంచి, పలచని సోడియం సైనైడ్ ద్రావణంలో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక మిగిలిన మడ్డి అది. పదమూడు డంపులు, మూడు కోట్ల ముప్పై లక్షల టన్నులు అని లెక్క. కింద నిలబడి చెయ్యి పెడితే పైన పలచని పెచ్చు కట్టి ఉంటుంది. బొటనవేలితో నొక్కితే పెచ్చు విరిగి, కింద గోధుమపిండి కంటే మెత్తటి పొడి జారుతుంది. వానకు కోసుకుపోయిన చారలు పైనుంచి కిందిదాకా నిలువుగా ఉంటాయి. ఆ కోతల్లో పెచ్చు లేదు. గాలి అక్కడి నుంచే పొడిని లేపుతుంది. మొక్క మొలవదు, ఎందుకంటే అందులో ఎరువయ్యే పదార్థం ఏదీ లేదు, పైగా రాయిలోని గంధకం గాలికీ నీటికీ ఆమ్లంగా మారుతుంది. అంచుల్లో మాత్రం సర్కారు తుమ్మ నిలదొక్కుకుంది.

పేరులో సైనైడ్ ఉంది కాబట్టి బయటివాళ్లకు భయమంతా దాని మీదే. ఎండకు, గాలికి, ఏళ్లు గడిచేకొద్దీ సైనైడ్ చాలామటుకు విడిపోతుంది. రోజూ ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నటి రాతిపొడి గురించి ఎక్కువ పట్టించుకోవాలి. మన దేశంలో సిలికోసిస్‌ను, అంటే ఆ పొడితో ఊపిరితిత్తులు పాడయ్యే జబ్బును, మొదట గుర్తించింది ఈ గనుల్లోనే, 1934లో. 1940–46 మధ్య 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే నూటికి 43 మందికి పైగా ఆ జబ్బు తేలింది. అది గని లోపల రాయి కోసినవాళ్ల లెక్క, డంపు పక్కన ఉండేవాళ్లది కాదు. కానీ తాతల దగ్గు విన్న ఇళ్లు ఇవి. దుమ్మంటే ఆ భయం ఊరికే రాలేదు.

గాలి దిక్కు ఇక్కడ ఇంటి విలువను కూడా తేలుస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి గట్టిగా వీస్తుంది, అప్పుడు డంపుకు తూర్పున ఉన్న లైన్లకు దుమ్ము. ఆ వీధుల్లో బట్టలు పెరట్లో ఆరేయరు, వరండాలో ఆరేస్తారు. బిందెల మీద తడిగుడ్డ కడతారు, కిటికీ సందుల్లో పాత చీరముక్కలు కుక్కుతారు. చలికాలంలో గాలి మారితే పడమటి పక్కవాళ్ల వంతు. రెండు మూడు వీధులు అవతల ఉన్నవాళ్లు "ఇంత చల్లటి ఊరు ఎక్కడుంది" అనడమూ నిజమే. సముద్రమట్టానికి ఎనిమిది వందల మీటర్లకు పైన ఉంది, మే నెలలో కూడా రాత్రుళ్లు హాయిగా ఉంటుంది. కాబట్టి ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్లు వానలు లేని జూలై సాయంత్రం ఒకసారి వచ్చి, ఆ ఇంటి గుమ్మం ముందు అరగంట నిలబడి చూడాలి. ఇల్లు చూపించడానికి చలికాలం పొద్దున పిలిస్తే తెలిసేది ఏమీ ఉండదు.

లైను ఇళ్లు చూడకుండా ఈ ఊరు చూసినట్టు కాదు. ఒకే గోడకు రెండు పక్కలా వరసగా గదులు, ఒక్కో కుటుంబానికి సుమారు పదడుగులకు పదడుగుల గది, ముందు కాస్త వాకిలి. మొదట వెదురు తట్టికి మట్టి పూసి కట్టారు, తర్వాత రాయి, ఇటుక వచ్చాయి. ఒకప్పుడు ఎనిమిది మంది ఉన్న గదులవి. షిఫ్టులు వేర్వేరు కాబట్టి ఒకరు లేస్తే ఇంకొకరు పడుకునేవారు. ఇప్పుడు వాకిలిని కలుపుకొని వంటగది, వెనక రేకుల స్నానాలగది ఎవరికి వారు కట్టుకున్నారు. కురిసేది ఎక్కడంటే, కొత్త రేకు పాత గోడకు ఆనే చోట. పాత గోడ మట్టిది, సిమెంటు దానికి పట్టదు, ప్రతి వానకూ పగులు విప్పుకుంటుంది. గోడ పడగొట్టి కట్టుకుంటే తీరిపోతుంది, కానీ ఉమ్మడి గోడ, పక్కవాళ్లు కూడా ఒప్పుకోవాలి.

దానికంటే పెద్ద అడ్డు కాగితం. ఇళ్లు భారత్ గోల్డ్ మైన్స్ కంపెనీవి. చాలామంది పాత కార్మికులు తమకు రావలసిన డబ్బుతో ముడిపెట్టి ఇల్లు తమ పేర రాయాలని ఏళ్లుగా అడుగుతున్నారు. పేరు మీద పత్రం లేకపోతే బ్యాంకు అప్పు పుట్టదు, అప్పు లేకపోతే గట్టి మరమ్మతు జరగదు. రాబర్ట్‌సన్‌పేటలో సొంత పత్రం ఉన్న ఇంటివాళ్లూ, చాంపియన్ రీఫ్ లైన్లలో పత్రం లేనివాళ్లూ ఒకే ఊరి గురించి రెండు రకాలుగా మాట్లాడటంలో వింత లేదు. ఒకరికి ఇది ఆస్తి, ఇంకొకరికి ఎప్పుడు ఖాళీ చేయమంటారో తెలియని చోటు. లైన్లలో ఉన్నవాళ్లు ఎక్కువమంది ఉత్తర ఆర్కాడు, సేలం, ధర్మపురి వైపు నుంచి మూడు నాలుగు తరాల కిందట వచ్చినవాళ్లు. ఊరిని నిలబెట్టిందీ, లోపల ప్రాణాలు పోగొట్టుకున్నదీ వాళ్లే. ఆ కాగితం వాళ్లకు రావాలి. నాలుగు రోజుల తర్వాత మాకు రెండో మాట లేదు.

రిటైరైన వాళ్ల దగ్గర మాత్రం కోపం కంటే బెంగ ఎక్కువ. షిఫ్టుకు మోగే సంగు (సైరన్) వింటే పొయ్యి మీద ఎసరు పెట్టే వేళ తెలిసేదని ఆడవాళ్లు చెబుతారు. ఆస్పత్రి, స్కూళ్లు, ఆటస్థలాలు, క్లబ్బులు, వీధికి దీపం, అన్నీ గనితోపాటే నడిచాయి, గనితోపాటే ఆగాయి. వాళ్లను ఎక్కువ బాధపెట్టేది ఆస్పత్రి. పెద్ద జబ్బంటే ఇప్పుడు కోలారుకో బెంగళూరుకో పోవాలి, ఆ దారిలోనే మనుషులు పోతున్నారని అంటారు. 1964లో పుట్టిన భారత్ ఎర్త్ మూవర్స్ కంపెనీ ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది, బుల్‌డోజర్లూ ఎక్స్‌కవేటర్లూ తయారవుతున్నాయి. అక్కడ పర్మనెంటు ఉద్యోగం ఉన్న ఇళ్లలో "మాజీ గనుల ఊరు" అన్న మాటే ఎవరికీ నచ్చదు.

నీళ్ల సంగతి క్లుప్తంగా: పాలారు మీది బేతమంగల చెరువు నుంచి పాతకాలం నుంచీ సరఫరా ఉంది. చెరువు ఎండిన ఏళ్లలో ట్యాంకర్లే దిక్కు. కోలారు జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి తాగడానికి క్యాన్లు కొంటారు. మీరూ బోరు నీళ్లు తాగొద్దు.

వెళ్లేవాళ్లకు ఇంకొన్ని మాటలు. గని ఆవరణల్లోకి అనుమతి లేకుండా పోకూడదు, కాపలా ఉంటుంది. లోపల సొరంగాల్లో నీరు నిండింది, నేల ఎక్కడ కుంగుతుందో చెప్పలేం. మూతపడ్డ తర్వాత కూడా అప్పుడప్పుడు భూమి కదిలినట్టు తెలుస్తుందని ఇక్కడివాళ్లు చెప్పేది ఆ నీటి వల్లా, ఖాళీల మీద పడే ఒత్తిడి వల్లా. గనిలోకి దిగే షాఫ్టుల (నిలువు బావుల) ఇనుప గోపురాలను రోడ్డు మీది నుంచే చూడండి. డంపు ఎక్కొద్దు, కోతల అంచు కాలి కింద విరుగుతుంది. మాస్కు, మూసిన బూట్లు తప్పవు. లైన్లలో ఇళ్ల ఫొటోలు తీసేముందు అడగండి, ఎవరి వాకిలైనా వాకిలే. తెలుగు బజారులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ నడుస్తుంది, లైన్లలో తమిళం, ఆఫీసుల్లో కన్నడం. కమ్మసంద్ర కోటిలింగేశ్వర ఆలయం దగ్గరే, 108 అడుగుల శివలింగం చూడటానికి ఒక పూట చాలు. తిరుగు ప్రయాణంలో బంగారపేటలో తెల్లటి నీళ్ల పానీపూరీ తినండి. నీళ్లు మంచినీళ్లలా కనిపిస్తాయి, కారం మాత్రం గొంతులో దిగేదాకా తెలియదు.

చివరి రోజు అందరి నోటా విన్నది డంపుల మాటే. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం దాదాపు వెయ్యి ఎకరాల్లోని పదమూడు డంపులను మళ్లీ శుద్ధి చేసే ప్రతిపాదనకు ఒప్పుకుంది. టన్నుకు గ్రాము కూడా ఉండని బంగారం కోసం ఆ పొడినంతా తిరిగి కదిలించాలి. పని దొరుకుతుందని కొందరు, గుట్ట పోతే దుమ్ము పోతుందని కొందరు, ముందు కార్మికుల పాత బాకీలు తీర్చాకే తట్ట ఎత్తాలని ఇంకొందరు. మాకు తెలిసినంతలో చూడవలసినవి రెండు. పొడిని నీళ్లతో కలిపి బురదగా చేసి పంపాలి, దానికి ఆ పొడి బరువుకు దగ్గర దగ్గరగా నీళ్లు కావాలి, ట్యాంకర్ల ఊళ్లో అవి ఎక్కణ్నుంచి తెస్తారు? పెచ్చు విప్పిన గుట్టను జూన్ గాలిలో తడిపి ఉంచేది ఎవరు? చాంపియన్ రీఫ్‌లో తూర్పు పక్క వీధివాళ్లు మమ్మల్ని ఈ రెండే అడిగారు. మేము బయల్దేరేసరికి సాయంత్రం బండి వచ్చింది, ఖాళీ క్యారియర్లతో జనం దిగి, పడమటి గాలికి కొంగులూ రుమాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకుని లైన్ల వైపు నడిచారు.