పడమటి గోడ వంకర

గుంటూరు జిల్లాలోని మా తాతగారి పెంకుటింటికి మూడు గోడలు మూలమట్టానికి సరిపోతాయి గానీ, 24 అడుగుల పడమటి గోడ మాత్రం ఉత్తరానికి పోయేకొద్దీ లోపలికి జరుగుతూ వస్తుంది. అందువల్ల వెనక గది దక్షిణం వైపు 11 అడుగుల వెడల్పుతో మొదలై ఉత్తరం చివర 8 అడుగులే మిగులుతుంది. మేస్త్రీ పొరపాటని నాయనమ్మ చివరిదాకా అంటూనే ఉండేది.

ఆ సంగతి తేల్చుకుందామని గ్రామ పటం నకలు తెప్పించాను. తీరా చూస్తే అందులో మా ఇల్లు లేదు సరికదా, ఊళ్లో ఎవరి ఇల్లూ లేదు. బ్రిటిషు కాలపు రెవెన్యూ సర్వే శిస్తు కోసం జరిగింది కనుక పొలాలన్నిటికీ నంబర్లు వేసి, ఇళ్లున్న జాగానంతా గ్రామకంఠమని ఒకే గీతతో చుట్టేశారు. పైగా మద్రాసు ప్రెసిడెన్సీ గ్రామ పటాలు మైలుకు 16 అంగుళాల లెక్కన గీసినవి. అంటే పటం మీద అంగుళం నేల మీద 330 అడుగులు, సరిగ్గా 5 సర్వే గొలుసులు (గొలుసంటే 66 అడుగులు). పెన్సిలు గీత మందమే ఐదారు అడుగులు మింగేస్తుంది. ఇలాంటి పటాన్ని పట్టుకుని పక్కింటివారితో గోడ తగాదాకు దిగేవారిని చూస్తే నాకు భయం.

అయితే గ్రామకంఠానికి పడమర, ఇప్పుడు సిమెంటు రోడ్డున్న చోట, పటంలో చెరువు పోరంబోకు కనిపించింది. ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ, అంటే ఒక్కో పొలం కొలతలు రాసిన సర్వే పుస్తకం (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) నకలు కూడా తీయించాను. అందులో కొలతలు లింకుల్లో, అంకెల్లోనే రాసి ఉంటాయి కనుక జిరాక్సులో కాగితం కాస్త సాగినా నష్టం లేదు. ఆ గొలుసులో నూరో వంతు ఒక లింకు. మా ఇంటి వెనక భాగంలో చెరువు హద్దు ఉత్తరానికి 100 లింకులు సాగేసరికి తూర్పుకు 12 లింకులు జరిగింది. మా గోడ 24 అడుగులకు 3 అడుగులు జరుగుతుంది, అంటే నూటికి పన్నెండున్నర.

తాతగారు 1938లో స్థలం కొన్న దస్తావేజును అప్పుడు మళ్లీ తీసి చూస్తే, నాలుగు దిక్కుల హద్దులు చెప్పే చెక్కుబందిలో "పడమర: ఊరచెరువు గట్టు" అని స్పష్టంగా ఉంది. ఆ కాగితాన్ని ఇంట్లో అందరం ఎన్నోసార్లు చదివాం గానీ, చెరువే లేని ఊళ్లో పెరిగిన మాకు ఆ మాట ఆనలేదు. మేస్త్రీ గట్టు వెంబడే గోడ లేపి, కొన్న జాగాలో జానెడు కూడా వదలలేదన్న మాట.

బాబాయికి ఫోనులో ఇదంతా చెబితే, తన చిన్నప్పుడు ఆ గోడకు ఒక తలుపు ఉండేదనీ, దాని అవతల మూడు మెట్లు దిగితే బట్టలుతికే బండ ఉండేదనీ తాపీగా చెప్పాడు.