నాకౌట్ ఎలుకల చర్మాన్ని చదవడం నేర్చుకున్నాను: నా పీహెచ్‌డీ అనుభవం

మూడో ఏడాది జూన్‌లో ఒకరోజు పొద్దున్నే యానిమల్ హౌస్ నుంచి అన్న ఫోన్ చేశాడు. అక్కడ ఎలుకల్ని చూసుకునే ఆయన్ని మేమంతా అన్న అనే పిలుస్తాం. "అమ్మా, రాత్రి పిల్లల్ని పెట్టింది. ఏడు. రెండింటి తోలు మెరుస్తున్నది, జల్ది రా" అన్నాడు.

గౌను, మాస్కు, గ్లౌజులు వేసుకుని లోపలికి వెళ్లేసరికి కేజ్ బల్ల మీద పెట్టి ఉంచాడు. అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్ల చిటికెన వేలి పైకణుపంత ఉంటుంది. ఒంటి మీద వెంట్రుకలుండవు. చర్మం ఎంత పలచగా ఉంటుందంటే, తాగిన పాలు పొట్టలో ఎడమపక్క తెల్లటి మచ్చలా బయటికే కనిపిస్తాయి. ఏడింటికీ ఆ పాల మచ్చ ఉంది. ఐదు మామూలుగా గులాబీ రంగులో ఉన్నాయి. రెండు మాత్రం నూనె రాసినట్టు మెరుస్తున్నాయి, వేలితో తాకితే గ్లౌజుకి అతుక్కుంటున్నాయి.

ఆ పాల మచ్చ నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా పేపర్ ఇంకా రాలేదు కాబట్టి జన్యువు పేరు చెప్పను. చర్మంలో ఒక కణాన్ని పక్క కణానికి పట్టి ఉంచే ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువు అది. ఒక జన్యువుని కావాలని తీసేసిన ఎలుకని నాకౌట్ ఎలుక అంటాం. ఈ జన్యువుని ఒళ్లంతటా తీసేస్తే పిల్ల కడుపులోనే చనిపోతుంది. అందుకని చర్మంలో మాత్రమే తీసేయాలి. దీనికి చాలా ల్యాబుల్లో వాడే పద్ధతే మేమూ ఎంచుకున్నాం. కెరాటిన్ 14 అనే జన్యువు బాహ్యచర్మం అట్టడుగు వరుస కణాల్లో పనిచేస్తుంది. దాని స్విచ్‌ని క్రీ అనే ఎంజైముకి తగిలిస్తే, ఆ కణాల్లోనే క్రీ తయారై, మనం ముందే గుర్తులు పెట్టి ఉంచిన జన్యువుని కత్తెరలా కత్తిరిస్తుంది. చర్మంలో మాత్రమే అని అంటాం గానీ నోరు, నాలుక, అన్నవాహిక లోపలి పొరల్లో కూడా కెరాటిన్ 14 ఉంటుంది. అంటే పిల్ల చర్మం వల్ల ఎండిపోతోందా, నోరు పాడై పాలు తాగలేక ఎండిపోతోందా అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. పాల మచ్చ కనిపించిందంటే పాలు లోపలికి వెళ్లాయన్నమాట. అందుకే ఆ రోజు ముందు పొట్టలే చూశాను.

అనుమతుల దగ్గర ఆరు నెలలు పోయాయి. బయోసేఫ్టీ కమిటీ వేరు, జంతువుల ఎథిక్స్ కమిటీ వేరు. ఎథిక్స్ కమిటీకి ఫారం బి నింపాలి: ఎన్ని ఎలుకలు కావాలి, ఎందుకు అన్ని కావాలి, నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారు, చివరికి ఎలా చంపుతారు. ఆ కమిటీలో శాస్త్రవేత్త కాని సభ్యులు కూడా ఒకరుంటారు. ఆవిడ నా ఫారం చివరిదాకా చదివి, "పిల్ల ఎండిపోతుందని రాశారు కదా, ఎంతవరకు ఎండనిస్తారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. తర్వాత ఫారంలో ఒక లైను చేర్చాను: గంటకోసారి బరువు చూస్తాం, పుట్టిన బరువులో పదో వంతు తగ్గితే ఇక ఆగకుండా నొప్పి లేకుండా ముగిస్తాం. దానికదే చనిపోయేదాకా చూడం.

ఆ తర్వాత చేసిన తప్పుకి ఎనిమిది నెలలు పోయాయి. ఈ దారిలో వెళ్లే జూనియర్లు ఇక్కడ కాస్త ఆగి చదవాలి.

క్రీ ఉన్న ఎలుక తల్లి అయినా తండ్రి అయినా ఒకటేలే అనుకున్నాను. మా దగ్గర ఆడవి ఎక్కువ ఉన్నాయి, వాటినే జత కట్టాను. ఈతకి రెండు మూడు పిల్లలే పుట్టాయి. పుట్టినవాటి చర్మం శుభ్రంగా, మామూలుగా ఉంది. ఏ పిల్లకి ఏ జన్యువు వచ్చిందో చూడ్డానికి తోక కొస తీసి పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్ష చేస్తే, ఫలితం చూపే జెల్ మీద అర్థంకాని గీతలు, అంటే బ్యాండ్లు. క్రీ ఉన్న పిల్ల తోకలో కత్తిరించిన జన్యువు కనిపించడంలో వింత లేదు, తోకలో కూడా చర్మం ఉంటుంది కాబట్టి. కానీ క్రీ అసలు రాని పిల్లల్లో కూడా ఆ కత్తిరించిన బ్యాండే కనిపిస్తోంది. శాంపిల్స్ కలిసిపోయాయేమోనని మూడుసార్లు మళ్లీ చేశాను. రాత్రుళ్లు నిద్ర పట్టని టెన్షన్.

కారణం తల్లిలోనే ఉంది. కెరాటిన్ 14 అండంలో కూడా పనిచేస్తుంది. తల్లికి క్రీ ఉంటే, ఆ జన్యువు పిల్లకి రాకపోయినా, అండంలో నిలవ ఉన్న క్రీ ప్రోటీన్ మొదటి రోజే కత్తిరించేస్తుంది. అప్పుడది చర్మంలో మాత్రమే కాదు, ఒళ్లంతా. ప్రతి జన్యువుకీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండు కాపీలుంటాయి; ఆ రెండూ పోయిన పిల్లలు కడుపులోనే పోయాయి, అందుకే ఈతలు అంత చిన్నవి. ఈ సంగతి 2004లోనే అచ్చయింది. మేమే చదవలేదు. క్రీ ఎప్పుడూ తండ్రి నుంచే రావాలి. అంతే, ఒక్క వాక్యం. దానికోసం ముప్పై ఎనిమిది పిల్లలు దేనికీ పనికిరాకుండా పోయాయి. ఆ లెక్క నా నోట్‌బుక్‌లో ఇప్పటికీ ఉంది.

తండ్రివైపు నుంచి మార్చాక మొదటి ఈతే ఈ ఏడు పిల్లలు. లెక్క ప్రకారం నాలుగింట ఒకటి నాకౌట్ కావాలి. రెండు మెరుస్తున్నాయి. పీసీఆర్‌లో కూడా ఆ రెండే.

పిల్లల్ని మూడు గంటలు తల్లి నుంచి తీసి, వెచ్చటి ప్యాడ్ మీద ఉంచి బరువు చూశాం. పాలు లేవు కాబట్టి అన్నీ కొద్దిగా తగ్గాయి. 1.30 గ్రాములున్న నాకౌట్ పిల్ల మూడో గంటకి 1.17కి వచ్చింది. చర్మం నీళ్లని ఆపలేకపోతోంది. 2002లో జపాన్‌లో, చర్మకణాల మధ్య సందుల్ని మూసే క్లాడిన్ 1 అనే ప్రోటీన్ లేని ఎలుకల్లో చూసింది కూడా ఇలాంటిదే: చర్మం ముడతలు పడి, ఒక్క రోజులోపే చనిపోయాయి. మేం మూడో గంట దగ్గరే ఆపేశాం. సిరంజి నేనే పట్టుకున్నాను. అన్న పక్కనే నిలబడ్డాడు, ఏం మాట్లాడలేదు.

తర్వాతి ఈతల్లో పుట్టడానికి ముందురోజు పిండాల్ని నీలం రంగులో ముంచి చూశాం. మామూలు పిండానికి అప్పటికే చర్మం గట్టిపడి ఉంటుంది కాబట్టి రంగు అంటదు. నాకౌట్ పిండం తల నుంచి తోక దాకా నీలమైపోయింది.

ఈలోపు పెద్ద ఎలుకలు ఇంకో ఆశ చూపించాయి. ఒక కాపీ మాత్రమే పోయిన ఎలుకలు హాయిగా పెరిగాయి. ఆరో నెలలో మూడింటికి మూతి చుట్టూ వెంట్రుకలు ఊడి, మీసాలు పోయాయి. ఒక్క కాపీ పోయినా తేడా వస్తోందని సంబరపడి ఫొటోలు తీశాను. అన్న కేజ్‌లోకి తొంగిచూసి, "నాలుగోదానికి మీసాలు మంచిగున్నయ్ చూడు. అదే పీకుతున్నది" అన్నాడు. నిజమే. ఈ నల్ల ఎలుకల జాతిలో ఒకటి మిగతావాటి మీసాలు, జుట్టు పీకడం మామూలు. దాన్ని వేరే కేజ్‌లో పెట్టాక మిగతావాటికి వెంట్రుకలు మళ్లీ వచ్చాయి. ఆ ఫొటోలు తీసేశాను.

వెంట్రుకల చక్రం కూడా అలాగే మోసం చేస్తుంది. ఈ నల్ల ఎలుకల చర్మం వెంట్రుక పెరిగే రోజుల్లో బూడిద రంగుకి మారి మందంగా అవుతుంది, విశ్రాంతి రోజుల్లో గులాబీ రంగులో పలచగా ఉంటుంది. రెండు మూడు రోజుల వయసు తేడా ఉన్న ఎలుకల్ని పక్కపక్కన పెట్టి, మందంలో తేడా వచ్చింది అనేయడం చాలా సులువు. ఒకే ఈత, ఒకే వయసు, ఆడామగా సరిపోవాలి, వీపు మీద ఒకే చోటు. స్లైడ్ల దగ్గర కూడా అంతే. చర్మాన్ని ఫార్మలిన్‌లో వేసేముందు ఫిల్టర్ పేపర్ మీద చదునుగా పరచకపోతే చుట్టుకుపోతుంది. వెంట్రుకలు వాలిన దిశలో కాకుండా అడ్డంగా కోస్తే కుదుళ్లు ముక్కలుగా పడతాయి, ఏటవాలుగా కోస్తే బాహ్యచర్మం ఉన్నదానికంటే రెట్టింపు మందంగా కనిపిస్తుంది. చర్మాన్ని కోయడానికి మైనంలో పోసి చేసే దిమ్మెల్ని బ్లాకులంటాం; నా మొదటి ఇరవై బ్లాకుల్లో సగం ఇలాగే పోయాయి.

సరిగ్గా కోసిన మొదటి స్లైడ్ మైక్రోస్కోపు కింద పెట్టిన రోజు గుర్తుంది. మామూలు చర్మంలో కణాలు ఇటుకల గోడలా ఉన్నాయి. నాకౌట్‌లో అట్టడుగు వరుస బాగానే ఉంది, దాని పైవరుసల్లో కణానికీ కణానికీ మధ్య తెల్లటి సందులు. ఆ సందుల్లోంచే కదా నీళ్లు పోయాయి అనుకుంటూ చాలాసేపు చూశాను.

పోయిన నెల తర్వాతి దశకి మళ్లీ ఫారం బి పెట్టాను. అడిగిన ఎలుకల సంఖ్య మొదటిసారి కంటే తక్కువ. బరువు ఎప్పుడు చూస్తారు అన్న చోట గంటకోసారి అనేది కొట్టేసి, అరగంటకోసారి అని రాశాను.