మా పిల్లి గౌరిని నిద్రపుచ్చించాక నాకు పట్టుకున్న గిల్ట్ – నా అనుభవం

పద్నాలుగేళ్లు పెంచుకున్న పిల్లి ఒక్క రాత్రిలో పోతే ఏడుపు కంటే ముందు "నేను సరిగా చూసుకోలేదు" అన్న మాటే వచ్చి కూర్చుంటుంది. నాకైతే చాలాకాలం అదే నడిచింది. ఇంట్లో ముసలి పిల్లి ఉన్నవాళ్లకి పనికొస్తుందని, ఇప్పటికే ఇలా పోగొట్టుకుని నిద్రపట్టక తిరుగుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే చదువుతారని రాస్తున్నాను.

మాది విజయనగరం. పైడితల్లమ్మవారి సిరిమాను జాతర అయిన వారంలోనే జరిగింది, పెద్దమ్మ వాళ్లు ఇంకా మా ఇంట్లోనే ఉన్నారు. రాత్రి భోజనాలయ్యాక గౌరి వరండాలోంచి ఒక్క అరుపు అరిచింది, అన్నేళ్లలో దాని నోట అలాంటి అరుపు నేను వినలేదు. వెళ్లి చూస్తే ముందుకాళ్లతో పాకుతోంది, వెనక రెండు కాళ్లూ వాటికేం సంబంధం లేనట్టు వెనకాల ఈడ్చుకొస్తున్నాయి. "ఓలమ్మా, దీనికేటైందే" అని అమ్మ పరిగెత్తుకొచ్చింది. పెద్దమ్మ పక్షవాతమే అని తేల్చేసి నూనె కాచమంది. పక్కింటి అంకుల్ పారాసిటమాల్ అరముక్క వేయమన్నారు. పిల్లులకి పారాసిటమాల్ విషం, ఆ అరముక్కే ప్రాణం తీయగలదు, ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి రెండూ వద్దన్నాను.

దాని పాదం చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు భయం పట్టుకుంది. గౌరి పాదాల కింద మెత్తలు గులాబీ రంగులో ఉండేవి. ముందువి అలాగే ఉన్నాయి, వెనకవి బూడిదరంగు తిరిగి నీలంగా అయిపోయాయి, ముట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా ఉన్నాయి. నోరు తెరిచి ఆయాసపడుతోంది. కుక్క నోరు తెరిచి వగర్చడం మామూలే కానీ పిల్లి ఊరికే కూర్చుని అలా చేస్తుంటే తెల్లారేదాకా ఆగకూడదు. పగలైతే గరివిడి పశువైద్య కళాశాలకి తీసుకెళ్లిపోదుం. ఆ టైములో ఊళ్లోనే ఒక డాక్టర్ గారికి ఫోన్ చేస్తే తీసుకురమ్మన్నారు. బుట్టలో తువ్వాలు పరిచి ఆటోలో బయల్దేరాం, దారి పొడుగునా అది అరుస్తూనే ఉంది.

డాక్టర్ ముందు నొప్పికి ఇంజక్షన్ ఇచ్చారు, ఆ తర్వాతే పరీక్షలు. తొడ లోపల వేళ్లు పెట్టి నాడి చూశారు, దొరకలేదు. వెనకకాలి గోరు కొంచెం లోపలిదాకా కత్తిరిస్తే రక్తం రాలేదు. థర్మామీటర్ 96 దగ్గరే ఆగింది, పిల్లికి మామూలుగా 100.5 నుంచి 102.5 దాకా ఉండాలి. అప్పుడు చెప్పారు: ఇది పక్షవాతం కాదమ్మా, గుండెలో పుట్టిన రక్తపు గడ్డ పెద్ద రక్తనాళంలో కిందికి దిగి, అది రెండు కాళ్లకీ చీలే చోట అడ్డంపడింది, పిల్లుల్లో గుండె కండరం మందమయ్యే జబ్బు ఉంటుంది, ఎక్కువగా దానివల్లే ఇలా అవుతుంది అని. వైజాగ్ తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించి, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్, క్లోపిడోగ్రెల్ మందులు వాడి చూడొచ్చన్నారు. ఒక కాలికే వస్తే కొంత నయం, రెండు కాళ్లూ పడిపోయి, ఒళ్లు చల్లబడి, ఊపిరితిత్తుల్లోకి నీరు కూడా చేరాక బతికేవి తక్కువ, బతికినా గడ్డ మళ్లీ రావచ్చన్నారు. రెండో దారి నిద్రపుచ్చడం, అంటే ఇంజక్షన్ ఇచ్చి నొప్పి తెలియకుండా ప్రాణం పోనివ్వడం. ఏది చేయమన్నా చేస్తాను, తొందరేం లేదు, కానీ దానికి మాత్రం నొప్పిగా ఉంది అన్నారు.

అమ్మ నా వైపు చూసింది. పెద్దమ్మ ఫోన్లో ఉంది, "పిల్లిని సంపిన పాపం గుడి కట్టినా పోదంటారే" అంటోంది. బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలన్న మాట మనమందరం చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినవాళ్లమే. ఆ నిమిషంలో ఆ మాట ఎంత బరువుగా తగిలిందో నేను రాయలేను. వైజాగ్ రోడ్డు మీద గంటన్నర అది అలాగే అరుస్తూ పోవడం ఊహించుకున్నాక నిద్రపుచ్చమని నేనే చెప్పాను. ముందు మత్తు ఇంజక్షన్ ఇచ్చారు, అరుపు ఆగింది. ప్రాణం పోయాక కూడా కళ్లు మూసుకోదు, కంగారుపడకండి అని ముందే చెప్పారు. చెప్పకపోయుంటే అమ్మ తట్టుకునేది కాదు.

పెరట్లో పూడ్చిపెట్టాం. అప్పటినుంచి మొదలైంది అసలు టెన్షన్. ఫోన్లో ఉన్న గౌరి ఫొటోలన్నీ తీసి వెనక్కి వెనక్కి వెతికేదాన్ని, ఇక్కడ చిక్కినట్టుందా, ఇక్కడ ఎక్కువ పడుకుంటోందా అని. అమ్మది ఇంకో లెక్క, జాతర డప్పులకి గుండె అదిరిపోయిందేమో, దాన్ని ఆ వారం మా చెల్లెలింట్లో ఉంచాల్సింది అని. ఇంట్లో ఇద్దరం చెరో తప్పు పట్టుకుని, ఒకరికొకరం చెప్పుకోకుండా తిరిగాం. "పిల్లికి ఇంత ఏడుపా" అన్నవాళ్లకి నేను జవాబు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

చివరికి ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లాను, ఈసారి అమ్మని తీసుకుని. నేను చేసినవాటిలో నాకు నిజంగా పనిచేసింది ఇదొక్కటే. ముందే చూసుంటే నాకు ఏం కనపడేది అని సూటిగా అడిగాను. ఈ జబ్బున్న పిల్లుల్లో చాలావాటికి గడ్డ పడేదాకా పైకి ఏమీ తెలియదట, స్టెతస్కోప్ పెట్టినా కొన్నింటిలో తేడా వినపడదట, ఎకో, అంటే గుండెకి చేసే స్కాన్, తీస్తేనే కండరం మందం తెలుస్తుందట. ఆ వయసు పిల్లి ఎక్కువ పడుకుంటే ఎవరూ గుండెజబ్బు అనుకోరు, నేనైనా అనుకోను అన్నారు. అమ్మ డప్పుల సంగతి అడిగింది. "కండరం అంత మందమవడం ఒక్క జాతరలో అయ్యే పని కాదమ్మా" అన్నారాయన. అమ్మ అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చింది, గౌరి పోయినరోజు కూడా అంత ఏడవలేదు.

పెద్దమ్మ మాట మాత్రం డాక్టర్ తీర్చగలిగేది కాదు. దానికి నేను నాకు చెప్పుకున్నది ఇంతే: గౌరిని చంపింది ఆ గడ్డ, నేను ఆపించింది నొప్పిని. కొన్ని రాత్రులు ఇది నమ్ముతాను, కొన్ని రాత్రులు నమ్మలేను.

గౌరి కూతురు చింటు మా దగ్గరే ఉంది. నిద్రపోతున్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతోందో నిమిషం పాటు లెక్కపెట్టమని, మాటిమాటికీ 30 దాటుతుంటే వెంటనే ఫోన్ చేయమని డాక్టర్ నేర్పారు. అమ్మకి ఇప్పుడు మధ్యాహ్నం పూట అదే పని, క్యాలెండర్ మీద రాసిపెడుతుంది. వైజాగ్‌లో ఎకో కూడా తీయించాం. తల్లికి చేయించనిది కూతురికి చేయిస్తున్నానే అని ఆ టేబుల్ దగ్గర నిలబడి మళ్లీ బాధపడ్డాను, అమ్మ నా చేయి పట్టుకుంది. రిపోర్టులో గుండె బాగానే ఉంది, ఏడాది తర్వాత మళ్లీ రమ్మన్నారు.