టెస్టర్ కూయలేదని గోడకి బెజ్జం పెట్టాను

మాది పాలకొల్లు. పిల్లాడికి గది కావాలని పోయినేడు హాలు మధ్యలో జిప్సం బోర్డు గోడ పెట్టించాం. దానికి టీవీ తగిలిద్దామని నిన్న నేనే డ్రిల్లు పట్టాను. ఒళ్ళు మంట ఇంకా తగ్గలేదు.

ఉత్త బోర్డు టీవీ బరువు మొయ్యదు, స్క్రూ లోపలున్న ఇనప చానెల్లోకి దిగాలి. ఆ చానెల్ వెతకడానికి ఆన్‌లైన్‌లో కొన్న డిటెక్టర్ దండగ. పక్కన పాత ఇటుక గోడ మీద పెడితే చెమ్మకి అడుగడుక్కీ కూసింది. చివరికి ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ పనికొచ్చింది. గోడ మీద జరుపుతుంటే బోర్డు బిగించిన స్క్రూ తలలకి టక్కున అతుక్కుంది. నిలువునా ఒక వరస, రెండడుగుల అవతల ఇంకో వరస. అదే చానెల్.

పరువు పోయింది వైర్ల దగ్గర. వైరింగ్ చేసినాయనకి ఫోన్ చేస్తే "వైరు స్విచ్ బోర్డు మీంచి నిటారుగా పైకెళ్ళిపోద్దండి, ఆయ్" అన్నాడు. అయినా నమ్మకుండా, తాకకుండానే కరెంటు పసిగట్టే పెన్ను టెస్టర్ తెచ్చి గోడంతా తిప్పాను. కిక్కురుమనలేదు. పొడి కళ్ళల్లో పడుతుందని ఫ్యాను అప్పటికే ఆపేశాను. తేడా వస్తే తనే పడిపోయే ఎంసీబీ స్విచ్చు కూడా దించి నాలుగు బెజ్జాలు వేసి, స్టాండు బిగించి, ఎంసీబీ ఎత్తాను. అంతా బాగానే ఉంది.

అప్పుడే రాజోలు నుంచి మావయ్యగారు దిగారు. "చెమటలు కక్కుతున్నారేంటండీ అల్లుడుగారూ" అంటూ ఫ్యాను వేశారు. టప్! హాలు, వంటగది చీకటి. ఎంసీబీ ఎత్తాను, పడింది. ఇంకోసారి ఎత్తబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

పిలిస్తే వచ్చిన ఎలక్ట్రీషియన్ కుర్రాడికి ఇరవై ఏళ్ళుండవు. "ఫ్యాను ఆపేసి వెతికారా గురువుగారూ? స్విచ్ ఆపితే దాని అవతల వైర్లో కరెంటే ఉండదు, పెన్నేం కూస్తాదండి?" అన్నాడు. మావయ్యగారు పైకండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను బీఎస్సీ ఫిజిక్స్.

బోర్డు కోసి చూస్తే పైపు నిటారుగా లేదు. రెండు మూరల పైపు మిగలడానికి ఆ మహానుభావుడు ఐమూలగా, చానెల్ బెజ్జంలోంచి లాగేశాడు. నా స్క్రూ కరెంటొచ్చే ఫేజు వైరునీ, ఎర్తు వైరునీ కలిపి గుచ్చేసింది. ఎర్తు తగలబట్టి ఎంసీబీ పడింది గానీ, లేకపోతే టీవీ స్టాండుకే కరెంటొచ్చేదని కుర్రాడు తాపీగా చెప్పాడు.

కాబట్టి వెతికేటప్పుడు లైట్లు, ఫ్యాన్ల స్విచ్చులన్నీ వేసి వెతకండి. డ్రిల్లు పట్టేముందు మెయిన్ దించండి. కొత్తగా కట్టించుకునేవాళ్ళు బోర్డు మూసేలోగా కొలత టేపు పెట్టి ఫొటోలు తీసుకోండి, ఎలక్ట్రీషియన్ నోటి మాట మీద మాత్రం గోడ ముట్టుకోకండి.

టీవీ ఎక్కింది. ఫ్యాను వైరు ఇప్పుడు గోడ మీద కేసింగ్ పట్టీలో, వచ్చిన చుట్టాలందరికీ కనిపించేలా వెళ్తోంది. ఆ మొదటాయన ఫోన్ ఎత్తట్లేదు.