సుగ్గికి పోయే మాత్రలు

ఇంగ్లండులో నా ఉద్యోగం పేరు 'లింక్ వర్కర్'. అదేంటో ఆదోనిలో మా అమ్మకు చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. సూది వేయను, బీపీ చూడను. డాక్టరు దగ్గరికి పదేపదే వచ్చే మనిషికి మందుతో తీరని బాధ ఏముందో కూర్చొని వినాలి, దాన్ని తీర్చగలవాళ్ల దగ్గరికి చేర్చాలి. "దానికి జీతమిస్తారా?" అంది అమ్మ. ఇస్తారు. ఎన్‌హెచ్‌ఎస్ అనే అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ 2019 నుంచి మాలాంటివాళ్ల జీతాలకు డబ్బు కేటాయిస్తోంది. డాక్టరు ఒక్కో పేషెంటును చూసేది పది నిమిషాలు, నేను దాదాపు గంట.

పోయిన చలికాలం ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. దగ్గు, ఆయాసం, ఇన్‌హేలర్ మార్చినా తగ్గడం లేదు. ఇంట్లో కూడా కోటు వేసుకునే ఉన్నాడు, నన్నూ తీయొద్దన్నాడు. మంచం వెనక గోడంతా చెమ్మకు పట్టిన నల్లటి బూజు. హీటర్ ఉంది కానీ, ఫోన్ రీచార్జిలాగా ముందు డబ్బు వేస్తేనే గ్యాస్ వస్తుంది. వారానికి రెండు సాయంత్రాలు మాత్రమే వేసుకుంటున్నాడట. గ్యాస్ వోచరుకు ఒక అర్జీ, గోడ గురించి ఇంటి ఓనర్లకు ఒకటి పెట్టాను. వోచర్ మూడు రోజుల్లో వచ్చింది. గోడకు మనుషులొచ్చేసరికి చలే పోయింది.

జనవరిలో సెలవుకొచ్చి, కోసిగి దగ్గర ఆశా వర్కరుగా చేసే మా పిన్నమ్మ వెంట ఒకరోజు తిరిగాను. సగం ఇళ్లకు తాళాలు. సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరప కోతలకు, పోయినారు. ఒక ఇంట్లో బియ్యం మూట, గిన్నెలు, చాప కట్టి సిద్ధంగా ఉన్నాయి. ఆ ఇంటామెకు టీబీ, మందులు మొదలై రెండో నెల.

ఆరు నెలల మందు మధ్యలో మానితే రోగం మొండికేస్తుందని పిన్నమ్మ చెప్తుందనుకున్నా. చెప్పలేదు. గడప మీద కూర్చొని, "మేస్త్రీ ఎవరమ్మే?" అంది. ఆ ఒక్క మాటతో అంతా బయటికొచ్చింది. కూలీలను తోలుకుపోయే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు దసరాకే తిన్నారు, పోకపోతే కుదరదు. టీబీ రోగులకు తిండికని నెలనెలా ఇచ్చే డబ్బు, 2024లో 500 నుంచి 1000 చేసినారే, అది ఈమె ఖాతాలో ఒక్కసారి కూడా పడలేదు. 'మీకు ఏది ముఖ్యం?' అని అడగమని నాకు అక్కడ ట్రైనింగులో నేర్పారు. ఇక్కడ నేనా ప్రశ్న వేసుంటే ఆమె నవ్వేది.

రోజుకు మూడు మాత్రల లెక్కన స్ట్రిప్పులు ఎంచి, కవర్లో చుట్టి బియ్యం మూటలో పెట్టింది పిన్నమ్మ. పోయే ఊరు పేరు రాసుకొని, అక్కడి ఆశా నంబరు కోసం ఏడెనిమిది ఫోన్లు చేసింది. ఆ ఫోన్ బిల్లు ఆమెదే. నెలకు ఆమె చేతికొచ్చేది 10,000.

నేను తిరిగొచ్చిన మూడో వారం వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. మిరపకాయల రాశి మీద మాత్రల స్ట్రిప్పు. ఆ పాటికి ఖాళీ కావాల్సింది, ఆరు మాత్రలు అట్లే ఉన్నాయి. కింద పిన్నమ్మ వాయిస్: "ఈ రెండు దినాలవి యాల మిగిలినాయో కనుక్కోవల్ల."