బయోమెటీరియల్స్: టేబుల్ పక్కన పెట్టి తుంటి కీలు గీయండి

బయోమెడికల్ ఇంజనీరింగ్ పరీక్ష రిజల్ట్ వచ్చింది. కోరుకున్న ర్యాంకే వచ్చింది. ఆ సంతోషం ఇంకా దిగకముందే రాస్తున్నాను కాబట్టి కాస్త ఆవేశంగా అనిపిస్తే సర్దుకోండి. సిగ్నల్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను గట్టెక్కించింది బయోమెటీరియల్స్, అంటే శరీరంలో వాడే పదార్థాల సబ్జెక్టు, అందుకే దాని గురించే చెబుతాను.

అందరి నోట్సులోనూ ఒక టేబుల్ ఉంటుంది. ఎడమవైపు మెటీరియల్, కుడివైపు వాడకం. టైటానియం ఎదురుగా ఇంప్లాంట్లు, సిలికోన్ ఎదురుగా క్యాథెటర్లు. దాన్ని ఎన్నిసార్లు చదివినా, ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఆ రెండు గడులకీ సంబంధం తెగిపోతుంది.

నాకు దారి దొరికింది తుంటి కీలు దగ్గర. ఒక కృత్రిమ కీలు బొమ్మ గీసి, ఒక్కో భాగం పక్కన ‘ఇక్కడ ఇదే ఎందుకు?’ అని రాసుకుంటూ పోయాను. తొడ ఎముకలోకి దిగే స్టెమ్‌కి టైటానియం మిశ్రమలోహం ఎందుకు? గట్టి ఎముక యంగ్స్ మాడ్యులస్ (ఎంత దృఢంగా ఉందో చెప్పే కొలత) సుమారు 15 నుంచి 20 గిగాపాస్కల్స్. టైటానియం మిశ్రమలోహానిది 110 దగ్గర, 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలుది 200 దగ్గర, కోబాల్ట్-క్రోమియంది ఇంకాస్త ఎక్కువ. స్టెమ్ ఎంత దృఢంగా ఉంటే బరువంతా అదే మోసేస్తుంది, పని లేని ఎముక క్రమంగా పలచబడుతుంది. స్ట్రెస్ షీల్డింగ్ అంటే ఇదే. సరే, బాల్ కూడా టైటానియంతోనే చేయొచ్చుగా? కుదరదు, అది రాపిడికి ఆగదు. అందుకే అక్కడ కోబాల్ట్-క్రోమియం, లేదంటే అల్యూమినా లాంటి సిరామిక్.

కప్పు లోపలి లైనర్ కథ ఇంకా బాగుంటుంది. కృత్రిమ తుంటి కీలుని తీర్చిదిద్దిన సర్జన్ జాన్ చార్న్‌లీ మొదట టెఫ్లాన్ వాడాడు. జారుడుకి దాన్ని మించింది లేదు, కానీ త్వరగా అరిగిపోయింది, ఆ పొడి చుట్టూ కణజాలం రియాక్ట్ అయింది. 1962లో ఆయన అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ పాలీఇథిలీన్‌కి మారాడు. అదీ అరుగుతుంది, కాకపోతే చాలా నెమ్మదిగా. ఆ సన్నటి రేణువుల్ని మాక్రోఫేజ్‌లు (చెత్తని మింగే రక్షణ కణాలు) మింగుతాయి, వాటి సంకేతాలతో ఎముక కరుగుతుంది, ఇంప్లాంట్ వదులవుతుంది. ఇక పీఎంఎంఏ (ఒక రకం యాక్రిలిక్ ప్లాస్టిక్) బోన్ సిమెంట్, ఇంప్లాంట్‌ని ఎముకలో నిలిపేది. అది జిగురు కాదు, ఎముక సందుల్లోకి చొరబడి గట్టిపడి పట్టుకుంటుంది. సిమెంట్ లేని రకానికి హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలోని ఖనిజం లాంటిది) పూత, దాని కాల్షియం-ఫాస్ఫరస్ నిష్పత్తి 1.67. ఒక్క బొమ్మలో లోహం, సిరామిక్, పాలిమర్ మూడూ వచ్చేశాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంత లోతు పరీక్షకి అవసరమా అని చాలామంది అన్నారు. అవసరమే అని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. బయోకంపాటిబిలిటీ (పదార్థం శరీరంతో ఇమిడిపోవడం) నిర్వచనంలోనే ‘నిర్దిష్ట వాడకంలో’ అన్న షరతు ఉంది. అదే పీఎంఎంఏని కంటి సర్జన్ హెరాల్డ్ రిడ్లీ 1949లో కంటి లెన్స్‌గా పెట్టాడు. యుద్ధంలో పైలట్ల కళ్లలో దిగిన, ఇదే ప్లాస్టిక్‌తో చేసిన కాక్‌పిట్ ముక్కలు పెద్దగా వాపు తేకుండా ఉండిపోవడం ఆయన గమనించాడు. కంట్లో కావలసింది పారదర్శకత, ఎముకలో కావలసింది అక్కడికక్కడే గట్టిపడటం. చోటు మారితే ప్రశ్నే మారిపోతుంది.

అందుకే ఏ ఇంప్లాంట్ వచ్చినా ముందు అడగండి: బరువు మోయాలా, రక్తం తగులుతుందా, ఎంతకాలం ఉండాలి? గుండె కవాటం తీసుకోండి. పైరోలిటిక్ కార్బన్ (గట్టి కార్బన్ రకం)తో చేసింది దశాబ్దాలు మన్నుతుంది, కానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందులు వాడాలి. గ్లూటరాల్డిహైడ్‌తో శుద్ధి చేసిన పంది కవాటానికి సాధారణంగా ఆ బెడద ఉండదు, కానీ కాల్షియం పేరుకుని పాడవుతుంది. బృహద్ధమనికి డాక్రాన్ (పాలిస్టర్) గొట్టం చక్కగా పనిచేస్తుంది. 6 మిల్లీమీటర్ల కంటే సన్నని గొట్టాలు మూసుకుపోతుంటాయి, కాబట్టి గుండె బైపాస్‌కి రోగి సొంత రక్తనాళమే వాడతారు.

రోజుకొక ఇంప్లాంట్ గీయండి. ఒంట్లో బాగోకపోయినా గీయండి, పండగైనా గీయండి. ఊపు వచ్చినప్పుడు పది గీసి వారం మానేసేవాళ్లకి ఈ సబ్జెక్టు లొంగదు.

మిగతావి త్వరగా అయిపోతాయి. 45ఎస్5 బయోగ్లాస్ (ఎముకతో అతుక్కునే గాజు), జిర్కోనియా సిరామిక్‌లో టెట్రాగోనల్ నుంచి మోనోక్లినిక్‌కి స్ఫటిక రూపం మార్పు, తమంతట తామే విచ్చుకునే స్టెంట్లలో నిటినాల్ (నికెల్-టైటానియం మిశ్రమలోహం), ఇవి ఒక్కో పేజీ చాలు. కరిగిపోయే పాలిమర్ల మీద మాత్రం ఇంకో పూట పెట్టండి. పీఎల్ఏ (పాలీలాక్టిక్ ఆసిడ్)లో ఉన్న మిథైల్ గ్రూపు నీటిని దూరం పెడుతుంది, అందుకే పీజీఏ (పాలీగ్లైకోలిక్ ఆసిడ్) దానికంటే ముందు కరుగుతుంది. ఈ రెండూ సగం సగం కలిపిన పీఎల్‌జీఏ రెండింటికంటే త్వరగా పోతుంది, ఆప్షన్లలో బోల్తా కొట్టించేది ఇక్కడే. దీనికి స్టెరిలైజేషన్ కూడా ముడిపెట్టి చదవండి. పీఎల్‌జీఏ కుట్లని ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో) పెడితే ఆవిరి, వేడి కలిసి శరీరంలో జరగాల్సిన జలవిశ్లేషణని (నీటితో విడిపోవడాన్ని) అక్కడే మొదలుపెడతాయి, కాబట్టి వాటికి ఇథిలీన్ ఆక్సైడ్ వాయువు వాడతారు.