పబ్‌మెడ్‌లో ఆడవాళ్ల పేర్లు లెక్కపెట్టడం: నా అనుభవం

వైద్య పరిశోధన వ్యాసాల్లో ఆడవాళ్ల వాటా ఏళ్ల తరబడి ఎలా మారిందో లెక్క తీయాలంటే ఎవరైనా ముందు, అలాంటి వ్యాసాల వివరాలు ఉచితంగా ఇచ్చే అమెరికా డేటాబేస్ పబ్‌మెడ్ తెరుస్తారు. నేనూ అక్కడే మొదలుపెట్టాను. గ్రాఫులో కనిపించే మలుపులన్నీ ఆడవాళ్లు తెచ్చినవి కావు. కొన్ని పబ్‌మెడ్ తన నమోదు పద్ధతి మార్చుకున్న సంవత్సరాలు.

పూర్తి పేర్లు 2002 నుంచే దొరుకుతాయి. అంతకుముందు ఇంటిపేరు, పొడి అక్షరాలే. ‘రావు ఎస్’ అంటే సుజాతో సుధాకరో రికార్డు చెప్పదు. ఇంకా వెనక్కి వెళ్లాలంటే పత్రికల పాత సంచికలు తిప్పాల్సిందే. 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన లెక్క ఆరు పత్రికలకు, ఎంచుకున్న కొన్ని సంవత్సరాలకే పరిమితమైంది. అమెరికా సంస్థల్లోని ఎం.డి. (అక్కడి డాక్టరు పట్టా) ఉన్నవాళ్లను తీసుకుంటే 1970లో ఫస్ట్ ఆథర్లలో (వ్యాసంలో మొదటి పేరు గలవాళ్లలో) ఆడవాళ్లు 5.9 శాతం, 2004 నాటికి 29.3 శాతం. మామూలుగా బృందాన్ని నడిపే సీనియర్‌కు దక్కే చివరి స్థానమైన లాస్ట్ ఆథర్‌లో 3.7 నుంచి 19.3కే చేరారు. అందుకే రెండు స్థానాలనూ విడివిడిగా లెక్కించాలి. ఒక్కరే రాసిన వ్యాసంలో మొదటా చివరా ఆ ఒక్కరే కాబట్టి దాన్ని లాస్ట్ ఆథర్ లెక్కలోంచి తీసేస్తాను.

అందరూ జారిపడే చోటు లాస్ట్ ఆథరే. 1984 నుంచి 1995 దాకా పబ్‌మెడ్ ఒక వ్యాసానికి పది పేర్లే ఎక్కించింది. పదకొండో పేరు నుంచి అన్నీ పోయాయి. 1996 నుంచి 1999 దాకా పరిమితి 25: మొదటి 24 పేర్లు, ఆపైన చివరి పేరు. 2000 నుంచి పరిమితి లేదు. అంటే 1990 నాటి పెద్ద ట్రయల్ (రోగులపై చేసే చికిత్సా పరీక్ష) వ్యాసంలో ‘చివరి పేరు’గా వచ్చేది పదో మనిషి. అసలు ప్రొఫెసర్ రికార్డులోనే ఉండరు. ఆ కాలంలో సరిగ్గా పది పేర్లున్న ప్రతి రికార్డునూ పక్కన పెట్టి మూల వ్యాసంలో చూసుకోవాలి. ‘సహకారం ఒక్కసారిగా పెరిగింది’ అని 1996 దగ్గర, 2000 దగ్గర కనిపించే ఎగుడుకూ ఇదే కారణం. వ్యాసానికి సగటు ఆథర్ల సంఖ్య బదులు మీడియన్ (వరుసలో పెడితే సరిగ్గా మధ్యన వచ్చే సంఖ్య) వాడితే ఈ దెబ్బ తగ్గుతుంది. వందల పేర్లున్న వ్యాసం ఒక్కటి సగటును లాగేయకుండా ఉంటుంది కూడా.

దేశాల మధ్య సహకారం కొలిచేవాళ్లకు ఇంకో గొయ్యి ఉంది. 2013 దాకా సంస్థ చిరునామా మామూలుగా ఫస్ట్ ఆథర్‌కే ఉంటుంది. 2014 నుంచి అందరికీ ఇస్తున్నారు. ఈ రెండు కాలాలనూ ఒకే గీతతో కలపకూడదు.

డేటా దించుకోవడం తేలికే. ఏపీఐ కీ (ప్రోగ్రాముతో డేటా అడగడానికి ఇచ్చే గుర్తింపు కోడ్) ఉంటే సెకనుకు 10 అభ్యర్థనలు, లేకపోతే 3. ఒక వెతుకులాటలో మొదటి 10,000 ఫలితాలే చేతికొస్తాయి కాబట్టి నెలలవారీగా విడగొట్టాలి. ఉత్తరాలు, సంపాదకీయాలు ముందే తీసేయాలి.

పేరును బట్టి ఆడా మగా తేల్చడానికి జెండరైజ్ లాంటి సర్వీసులు సంభావ్యత, దాని వెనుక ఎన్ని నమూనాలున్నాయో ఇస్తాయి. నేను 0.9కి తక్కువైతే ‘తెలియదు’ అని రాస్తాను. నమూనాలు మరీ తక్కువగా ఉన్న పేరుకు 1.0 వచ్చినా నమ్మను. దేశం జత చేయకపోతే మగవాడైన ఇటలీ ఆండ్రియా ఆడమనిషి అయిపోతాడు. చైనా పేర్లు రోమన్ లిపిలోకి వచ్చేసరికి చైనా లిపి అక్షరాలూ, పలికేటప్పటి స్వరం ఎత్తుపల్లాలూ పోయి, చాలావరకు తేలవు. మన పేర్లతో తంటా మరో రకం. ఇంటిపేరు ముందు రాస్తాం, పబ్‌మెడ్ మామూలుగా చివరి మాటను ఇంటిపేరుగా నమోదు చేస్తుంది. దాంతో ‘పి. లక్ష్మి’లో లక్ష్మి ఇంటిపేరు అవుతుంది, సర్వీసుకు మిగిలేది ‘పి’ ఒక్కటే. ప్రసన్న, శశి, కిరణ్ లాంటివి ఇంటిపేరు సరిపోయినా తేలవు. వీటిని సంస్థ వెబ్ పేజీలో చూసి నింపడమే దారి.

ఓ 300 పేర్లు ఇద్దరు విడివిడిగా చేత్తో చూసి, సర్వీసు జవాబుతో పోల్చాలి. ‘తెలియదు’ వాటాను సంవత్సరాలవారీగా ఆడవాళ్ల వాటా పక్కనే వేయాలి. చైనా వ్యాసాలు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ‘తెలియదు’లో ఉన్నవాళ్లందరినీ ఆడవాళ్లనుకుని ఒకసారి, మగవాళ్లనుకుని మరోసారి లెక్కేస్తే రెండు గీతలొస్తాయి. చాలామంది ఈ రెంటినీ అచ్చు వేయరు, మధ్య గీత చూపిస్తే చాలనుకుంటారు. ఆ రెండిటి మధ్య ఎడం పదేళ్ల పెరుగుదల కంటే ఎక్కువైతే, అక్కడ ధోరణి ఉందని నేను రాయను.